నాలుగో గడి లేని కార్డు

ప్రశ్నించే రోగి సగం కోలుకున్న రోగి అని ఆరోగ్య శాఖ ఒక సోమవారం ఉదయం పదకొండుంబావుకి కనిపెట్టింది. (ఇంతలో టీ వచ్చింది కనక మిగతా సగం సంగతి వాయిదా పడింది.) డాక్టరు ఏది రాస్తే అది జనం కళ్ళు మూసుకుని మింగేస్తున్నారనీ, ఎందుకు, ఏమిటి అని అడగడం మానేశారనీ, దానివల్ల దేహాలు బాగుపడుతున్నా బుర్రలు తుప్పు పడుతున్నాయనీ శాఖ చాలా బాధపడింది. బాధ తగ్గడానికి ఒక సర్క్యులర్ జారీ చేసింది.

దాని ప్రకారం మందుల కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ మూడు ప్రశ్నలు అడగాలి. అడిగినట్టు రుజువుగా ఆకుపచ్చ కార్డొకటి ఇస్తారు. కార్డు మీద నెలకి మూడు గడులు. ఒక్కో ప్రశ్నకి ఒక్కో ముద్ర. మూడు ముద్రలూ పడితే మందులిస్తారు. రెండే పడితే ఇవ్వరు, ఎందుకంటే రెండు ప్రశ్నలతో ఆలోచన పూర్తికాదని నిపుణుల కమిటీ తేల్చింది. నాలుగెందుకు కాదని కమిటీని ఎవరూ అడగలేదు. (కమిటీకి కార్డులివ్వలేదు.)

మొదటి వారం జనం ప్రశ్నలు దొరక్క నానా అవస్థా పడ్డారు. ఒక తాపీమేస్త్రీ కిటికీ ముందు పావుగంట నిలబడి, చెమటలు తుడుచుకుని, చివరికి “మీకెంతమంది పిల్లలండీ?” అని కాంపౌండరుని అడిగాడు.

“ఇద్దరు.” ముద్ర పడింది.

“చదువుకుంటున్నారా?”

“ఆఁ.” రెండో ముద్ర.

“మరి నన్నెందుకండీ ఇలా చంపుతున్నారు?”

అదీ ప్రశ్నే కనక మూడో ముద్ర కూడా పడింది. దగ్గు మందు ఇచ్చి పంపారు.

ఇలాంటివి జరుగుతున్నాయని తెలిసి శాఖ రెండో సర్క్యులర్ పంపింది. ప్రశ్నలు మందుల గురించే ఉండాలి. జనం ఆలోచించడానికి ఇబ్బంది పడకుండా, ఆలోచనని ప్రోత్సహించే మూడు నమూనా ప్రశ్నలు బోర్డు మీద రాయించి కిటికీ పక్కన తగిలించారు. ఒకటి: ఎప్పుడు వేసుకోవాలి? రెండు: ఎన్నిసార్లు వేసుకోవాలి? మూడు: దీనివల్ల ఏమైనా ఇబ్బంది ఉంటుందా? కాంపౌండరు శ్రమపడకుండా ఆయనకి మూడు రబ్బరు స్టాంపులు ఇచ్చారు. “తిన్న తర్వాత.” “రోజుకి రెండుసార్లు.” “భయపడనక్కర్లేదు.”

కాంపౌండరు మంచివాడు. ఇరవై ఏళ్ళుగా ఆ కిటికీ వెనకే జుట్టు నెరిసింది. వెనకటి రోజుల్లో, అంటే జనానికి ఇంకా ప్రశ్నించడం రాని రోజుల్లో, ఆయన కళ్ళజోడు పెట్టుకుని ప్రతి మందు షీటునీ తిప్పి తిప్పి చూసేవాడు. “ఏమ్మా, మోకాలెలా ఉంది?” అని తనే అడిగేవాడు. ఇప్పుడు అడగడం జనం బాధ్యత అయిపోయింది కనక కళ్ళజోడు సొరుగులోకి పోయింది. నెల తిరిగేసరికి జనం కూడా నోరు తెరవడం మానేశారు. కార్డు చాచేవాళ్ళు, ఆయన టపటపటపా మూడు ముద్రలూ కొట్టేసేవాడు, ఆ చప్పుడుకి లైను ఒక అడుగు ముందుకి జరిగేది. కంట్లో వేసుకునే చుక్కల మందు తిన్న తర్వాత. మోకాలికి తొడుక్కునే పట్టీ రోజుకి రెండుసార్లు. ఎనిమిది నెలల్లో ఆ ఒక్క ఆసుపత్రిలోనే నలభై ఒక్క వేల ప్రశ్నలు అడిగారని లెక్క తేలింది. అంతకుముందు ఆ సంఖ్య సున్నా. (అప్పుడు ఎవరూ లెక్కపెట్టలేదు.)

పిచ్చుక ఆ నలభై ఒక్క వేలలో ఆరు తన ఖాతాలో వేసుకుంది, నోరు విప్పకుండానే.

పిచ్చుక అంటే పదో తరగతి చదివే పిల్ల. ఆ పేరు అమ్మమ్మ పెట్టింది, మనిషి చప్పుడు వినగానే ఎగిరిపోతుందని. బడిలో హాజరు పిలిచినప్పుడు ఆమె గొంతు మొదటి బెంచీ దాకా కూడా వెళ్ళదు, టీచరు తలెత్తి మనిషిని చూసి టిక్కు పెట్టుకుంటుంది. మాట్లాడని పిల్ల కనక చదివే పిల్ల అయింది. పొట్లం కట్టిన కాగితం, సబ్బు పెట్టె మీది అక్షరాలు, బస్సు టిక్కెట్టు వెనక నిబంధనలు, ఏది చేతికొస్తే అది చివరిదాకా చదువుతుంది. అలాగే ఒక సాయంత్రం అమ్మమ్మ మందుల డబ్బా కూడా చదివింది.

అమ్మమ్మకి నెల రోజులుగా తల తిరుగుతోంది. బీపీకి వేసుకునే పాత తెల్ల బిళ్ళకి తోడు కొత్త డాక్టరు గులాబీ బిళ్ళ రాసినప్పటినించీ గోడ పట్టుకుని నడుస్తోంది. కుళాయి దగ్గరికి దిగే ఆరు మెట్లలో మూడో మెట్టు మీద పడి మోచెయ్యి గీరుకుపోయింది. అమ్మది కుట్టు ఫ్యాక్టరీలో పని, పొద్దున్నే పోతే దీపాలు పెట్టే వేళకి వస్తుంది. పిచ్చుక బడికి వెళ్తుంది. పగలంతా ఆ మెట్లూ అమ్మమ్మా ఇద్దరే ఇంట్లో ఉంటారు.

“వయసు మీద పడిందే, ఇంకేం లేదు,” అంది అమ్మమ్మ. “తిరిగేది తల. ఊరు కాదుగా.”

పిచ్చుక రెండు షీటులూ పక్కపక్కన పెట్టి చూసింది. పైన పెద్ద అక్షరాల్లో రెండు వేరు వేరు పేర్లు. కింద, చీమలంత అక్షరాల్లో, అసలు మందు పేరు. రెండింటి మీదా అదే పేరు, అదే కొలత. మూడుసార్లు చదివింది. నాలుగోసారి అమ్మ చేత చదివించింది.

“నీకూ నాకూ ఏం తెలుస్తుందే,” అంది అమ్మ, రోజంతా మిషను తొక్కిన కాళ్ళు చాపుకుంటూ. “రేపు ఎలాగూ మందులకి వెళ్ళాలిగా, బడి ఎగ్గొట్టి అమ్మమ్మతో వెళ్ళి అడుగు. మూడు ప్రశ్నలు అడగమనేగా వాళ్ళు మొత్తుకునేది?”

పిచ్చుక ఆ సాయంత్రమంతా అద్దం ముందు ప్రాక్టీసు చేసింది. “సార్, ఈ రెండు బిళ్ళలూ ఒకటేనా?” అద్దంలో పిల్ల చక్కగా అడిగింది. అమ్మమ్మ మంచం మీదినించి, “ఎవరితోనే ఆ గుసగుసలు? నాకు చెప్పకుండా పెళ్ళి కుదుర్చుకుంటున్నావా?” అంది.

మర్నాడు లైనులో డెబ్బై మంది ఉన్నారు. అమ్మమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి పిచ్చుక నిలబడింది. వెనక దర్జీ నిలబడ్డాడు, మెడలో కొలతల టేపుతోనే వచ్చాడు. “కొట్టు మూసొచ్చాను పాపా, కాస్త గబగబా కానీ,” అన్నాడు. “ఈ మధ్య నాకూ తల తేలిపోతోంది. సూదిలో దారం ఎక్కిద్దామంటే రెండు సూదులు కనపడుతున్నాయి. రెండోదాన్లోనే ఎక్కిస్తున్నానేమో, ఒక్క గుడ్డా కుట్టు పడట్లేదు.”

పిచ్చుక వంతు వచ్చింది. కార్డూ చీటీ చాచింది, ఊపిరి పీల్చుకుంది, “సా...” అంది.

టపటపటపా.

“తర్వాత,” అన్నాడు కాంపౌండరు.

“సార్, ఒక్క ప్రశ్న...”

“మూడయ్యాయిగా అమ్మా.”

“నేనింకా ఒక్కటి కూడా అడగలేదండీ.”

కాంపౌండరు కార్డు తిప్పి చూపించాడు, జాలిగానే. “చూడు. మూడు అడిగావు. సమాధానాలు కూడా ఇచ్చాను. నాలుగోదానికి గడి లేదు. నేనేం చెయ్యను? గడి లేనిచోట ముద్ర ఎక్కడ కొట్టను?”

“ముద్ర వద్దండీ, చెబితే చాలు.”

ఈ మాట విని కాంపౌండరే కాదు, లైను కూడా నివ్వెరపోయింది. ముద్ర లేని సమాధానం తీసుకెళ్ళి ఏం చేసుకుంటుంది ఈ పిల్ల? దర్జీ ముందుకి వంగి, “పాపా, అదనపు ప్రశ్నలకి ఆరో నంబరు గది. పైన,” అని చెవిలో చెప్పాడు, దారి చూపినవాడి పుణ్యం తనకి దక్కుతుందన్నట్టు.

ఆరో నంబరు గదిలో ప్రశ్నాప్రోత్సాహక ఉపాధికారి ఉంటాడు. ఎనిమిది నెలలుగా ఆ గదిలోకి ఒక్క పేషెంటు కూడా రాలేదు. తలుపు చప్పుడుకి ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. గోడ మీద ఒక గ్రాఫు ఉంది, సున్నా మీద గీసిన గీత ఎనిమిది నెలల పొడవున ఎక్కడా వంకర లేకుండా సాగింది. కింద, “అదనపు సందేహాలు: లేవు. ప్రజల అవగాహన: సంపూర్ణం” అని రాసి ఉంది.

“రామ్మా రా, కూర్చో. ఏం చదువుతున్నావు? పదా? భేష్. ఈ వయసులోనే ప్రశ్నించడం నేర్చుకోవాలి. ప్రశ్నించకపోతే మనకీ ఈ బల్లకీ తేడా ఏముంది చెప్పు?” అని బల్లని తట్టాడు. తర్వాత ఆమె ప్రశ్న రాసుకొచ్చిన కాగితం చదివాడు. గ్రాఫు వంక చూశాడు. మళ్ళీ కాగితం చదివాడు. “నా మాటిని, ఇదొక్కటి మాత్రం అడక్కు తల్లీ.”

“ఎందుకండీ?”

“అదిగో, మళ్ళీ!” అన్నాడు నొచ్చుకుంటూ. “చూడు, నువ్వు ఒక్క సందేహం పెట్టావంటే ఆ గీత పైకి లేస్తుంది. లేచిన గీత ఎందుకు లేచిందని పైనించి నన్నడుగుతారు. వాళ్ళు అడిగితే నేను చెప్పాలి. పోనీ ఒక పని చెయ్యి. దీన్నే సందేహంలా కాకుండా అభినందనలా రాసిస్తావా? ‘రెండు బిళ్ళలూ ఎంతో చక్కగా ఒకేలా ఉన్నాయి’ అని. అభినందనలకి వేరే రిజిస్టరుంది.”

పిచ్చుక తల అడ్డంగా ఊపింది. తల ఊపడానికి గొంతు అక్కర్లేదు కనక ఆ పని ఆమెకి బాగా వచ్చు.

ఉపాధికారి నిట్టూర్చి దరఖాస్తు తీశాడు. మొదటి వరస: మీ ప్రశ్న. రెండో వరస: ఈ ప్రశ్న బోర్డు మీది మూడు ప్రశ్నల్లో ఎందుకు ఇమడలేదు? మూడో వరస: మీ ప్రశ్నకి సరైన సమాధానం. (దరఖాస్తుదారే నింపవలెను.)

“సమాధానం తెలిస్తే ఎందుకడుగుతానండీ?”

“తెలియకుండా అడిగితే, మేమిచ్చిన సమాధానం సరైనదో కాదో నీకెలా తెలుస్తుందమ్మా?” అన్నాడాయన, ఎంతో ప్రేమగా. “పోనీ, తొందరేం లేదు. నింపి ఇవ్వు. నలభై అయిదు రోజుల్లో కబురొస్తుంది.”

నలభై అయిదు రోజులు. రోజుకి ఆరు మెట్లు దిగి, ఆరు మెట్లు ఎక్కాలి. పిచ్చుకకి లెక్కలు బాగానే వచ్చు. ఆ లెక్క మాత్రం పూర్తిచెయ్యకుండా ఆపేసింది. కిందికి వచ్చి అమ్మమ్మ పక్కన కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే దరఖాస్తు అడ్డం పెట్టుకుంది. ఎనిమిది నెలల్లో ఆ కాగితం ఎవరికైనా ఉపయోగపడటం అదే మొదటిసారి.

అదే బెంచీకి ఇంకో చివర లెక్కల మాస్టారు కూర్చుని ఉన్నారు, రిటైరయి పదేళ్ళయింది. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని చూసి నవ్వుకుంటారు, కారణముంది. ఆ సర్క్యులర్‌ని నమ్మిన మనిషి ఊరు మొత్తానికి ఆయనొక్కడే. నెలకి మూడు ప్రశ్నలన్నారు కనక నిజంగానే ఆలోచించి మూడు అడుగుతారు. ఈ నెల రెండు దొరికాయి. మూడోది దొరక్క తొమ్మిది రోజులుగా పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చుని ఆలోచించి, కిటికీ మూశాక ఇంటికి పోతున్నారు. మందులు లేక కాళ్ళు వాచాయి. బోర్డు చూసి అడిగెయ్యమంటే, “కాపీ కొట్టమంటావా?” అని కోప్పడతారు.

“ఎందుకమ్మాయ్ ఏడుస్తున్నావు?”

పిచ్చుక ప్రశ్న రాసిన కాగితం, ఇంటినించి తెచ్చిన రెండు షీటులూ చాచింది. అమ్మమ్మ చెప్పింది, “దానిదగ్గర ప్రశ్నుంది మాస్టారూ. గడి లేదట.”

మాస్టారు కాగితం తీసుకుని చదివారు. రెండు షీటులూ కళ్ళకి ఆనించి చూశారు. ఆయన మొహంలోకి, కష్టమైన లెక్కని ఎవరో పిల్ల సగం దాకా చేసి చూపిస్తే వచ్చే వెలుగు వచ్చింది.

“నా దగ్గర గడి ఉంది, ప్రశ్న లేదు,” అన్నారు. “లే.”

వాచిన కాళ్ళతో లైను పక్కనించి ఆమెని చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళి తన కార్డు కిటికీలో పెట్టారు. “నా మూడో ప్రశ్న ఈ అమ్మాయి అడుగుతుంది.”

“మాస్టారూ, ఆ బిళ్ళలు మీవి కావుగా?” అన్నాడు కాంపౌండరు.

“ప్రశ్న మందుల గురించి ఉండాలన్నారు. ఎవరి మందుల గురించి అన్నది ఎక్కడుంది? చూపించు.”

కాంపౌండరు సర్క్యులర్ ముందూ వెనకా చూశాడు. ఎక్కడా లేదు. వెనక డెబ్బై మంది, “కానివ్వండయ్యా, కానివ్వండి,” అన్నారు.

పిచ్చుక కిటికీ ముందు నిలబడింది. నోరు తెరిచింది. గాలి వచ్చింది, మాట రాలేదు. బెంచీ మీదినించి అమ్మమ్మ గొంతు ఆసుపత్రంతా మోగింది. “గట్టిగా అడగవే! పడబోయేది నేను. నాక్కూడా వినపడాలి!”

“ఈ గులాబీ బిళ్ళా, ఈ తెల్ల బిళ్ళా ఒకటేనాండీ?”

తన గొంతు అంత పెద్దదని పిచ్చుకకి అప్పటిదాకా తెలీదు.

కాంపౌండరు చెయ్యి అలవాటుగా మూడో స్టాంపు మీదికి పోయింది. “భయపడనక్కర్లేదు.” పైకెత్తాడు, చూశాడు, దించాడు. రెండోది ఎత్తాడు. “రోజుకి రెండుసార్లు.” దాన్ని మరింత గబుక్కున దించాడు. తర్వాత సొరుగు లాగి కళ్ళజోడు తీశాడు. అద్దాల మీద దుమ్ము పేరుకుని ఉంటే చొక్కా అంచుతో తుడిచాడు. షీటులు రెండూ వెలుతురికి పట్టుకుని చీమలంత అక్షరాలు చదివాడు. లైను మొత్తం మెడలు చాచి చూసింది. చదువుతున్న కాంపౌండరుని చూసి వాళ్ళకీ చాలా కాలమైంది.

ఆయన డాక్టరుకి ఫోన్ చేశాడు. అవును, రెండూ ఒకటే మందు, పాత తెల్లది ఆపెయ్యమని తను ఆనాడే చెప్పానని డాక్టరు అన్నాడు. (ఎవరికి చెప్పాడో గుర్తులేదన్నాడు.)

మాస్టారి కార్డు మీద మూడో గడిలో కాంపౌండరు పెన్నుతో రాశాడు. “ఒకటే. తెల్లది ఆపాలి.” ఎనిమిది నెలలుగా రాయని చెయ్యి కనక అక్షరాలు కొంచెం వంకర పోయాయి. తెల్ల షీటు తీసేసుకుని, తలుపు తీసుకుని బయటికొచ్చి అమ్మమ్మ ముందు కూర్చున్నాడు.

“ఎన్నాళ్ళనించి తిరుగుతోంది పెద్దమ్మా, తల?”

“నువ్వు కళ్ళజోడు తీసి లోపల పెట్టినప్పటినించీ, నాయనా.”

అమ్మమ్మ గీరుకుపోయిన మోచెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాడు.

వారం తిరిగేసరికి అమ్మమ్మ గోడ వదిలి నడిచింది. మెట్లు దిగి కుళాయి దగ్గర పక్కింటావిడతో పోట్లాడింది కూడా. దానితో పూర్తిగా కోలుకుందని ఇంట్లో అందరికీ నమ్మకం కుదిరింది.

శాఖ కూడా ఊరుకోలేదు. కబురు పైదాకా పోయింది. ముందుగా, చేతిరాత సమాధానాలు లెక్కలోకి రావు కనక కాంపౌండరుకి మెమో ఇచ్చారు. అదే కారణంగా మాస్టారి మూడో గడి చెల్లదన్నారు. (ఆయన మళ్ళీ బెంచీ ఎక్కారు.) ఆ తర్వాత పిచ్చుక ప్రశ్నని ఆ ఏటి ఉత్తమ ప్రశ్నగా ప్రకటించారు. ఆలోచించే సమాజానికి ఇదే ఆనవాలని ఉపాధికారి ప్రసంగించాడు. ఆయన గోడ మీది గీత ఇప్పటికీ తిన్నగానే ఉంది, ప్రశ్న తన గదినించి వెళ్ళలేదు కనక. ఇకనించి ప్రతి పౌరుడూ ఈ ప్రశ్నే అడగాలని, బోర్డు మీది మూడో ప్రశ్న తుడిపించి, “ఈ రెండు బిళ్ళలూ ఒకటేనా?” అని ఎర్ర రంగుతో రాయించారు. స్టాంపు చేసేవాడు సమాధానం ఏం చెక్కమంటారని అడిగాడు. కమిటీ ఓటింగు పెట్టింది. దేశంలో ఎక్కువమందికి ఇచ్చే బిళ్ళలు వేరు వేరే కనక, మెజారిటీ ప్రకారం “కావు” అని చెక్కించారు.

మరుసటి నెల పిచ్చుక ఒక్క గులాబీ షీటు కోసం లైనులో నిలబడింది. కాంపౌండరు ఆమెని గుర్తుపట్టాడు. ఆయన చూపు సొరుగు మీదికి పోయింది, అక్కణ్ణించి వెనకనున్న డెబ్బై మంది మీదికి, అక్కణ్ణించి మెమో మీదికి పోయింది. తర్వాత తలొంచుకున్నాడు.

టపటపటపా. ఒక్క షీటు ఇచ్చి, రెండూ ఒకటి కావని ముద్ర కొట్టాడు.

ఆమె తర్వాత దర్జీ. టపటపటపా. తల పట్టుకుని, ఇంకో చేత్తో మందులు తీసుకుని ఆయన ఇవతలికొచ్చాడు. ఆ చేతిలో రెండు షీటులు, ఒకటి గులాబీ, ఒకటి తెలుపు.

పిచ్చుక వెంట పరిగెత్తింది. కిటికీ బయట అడగడానికి కార్డు అక్కర్లేదన్న సంగతి శాఖ ఇంకా గమనించలేదు.

“బాబాయ్‌గారూ! ఆగండి! అవొక్కసారి చూపిస్తారా? అవి రెండూ ఒకటే అనుకుంటా!”

ఈసారి గొంతు వీధి చివరిదాకా వినపడింది. దర్జీ ఆగాడు. వెనక్కి తిరిగి, ఇద్దరు పిచ్చుకల్లో ఎవరు పిలిచారో తేల్చుకోలేక మధ్యలోకి చూసి నవ్వాడు.

“అడిగేశానమ్మా,” అని, ఇంకా సిరా ఆరని కార్డు తీసి ఆమెకి గర్వంగా చూపించాడు.